పదకొండు తుప్పు తూట్లు

మొదట్లో పుష్పావతి చేతిలో ఉన్నవి ఇవి: నారాయణస్వామి శెట్టి పాత అంబాసిడర్ కారు, దాని ఒంటి మీద పదకొండు తుప్పు తూట్లు, రెండు కొత్త రేకులు, పన్నెండు రోజుల గడువు. వీటికి తోడు తండ్రి తిప్పన్న పెట్టిన షరతు ఒకటి.

"పని అంతా నువ్వే చెయ్యి. అయినాంక నేను కండ్లకు గుడ్డ కట్టుకోని కారంతా తడుముతా. నీ అతుకు ఒక్కటి నా చేతికి తగిలినా షెడ్డు సురేంద్రకే" అన్నాడు తిప్పన్న.

సురేంద్ర ఆయన అన్న కొడుకు. బెళుగుప్పలో ఆ టింకరింగ్ షెడ్డు ఎప్పుడు చేతికొస్తుందా అని రెండేళ్లుగా కాచుకుని ఉన్నాడు.

"తగలకపోతే?" అంది పుష్పావతి.

"షెడ్డు నీది. బోర్డు మీద పేరు నీది."

"గుడ్డ ఎందుకు తిప్పన్నా?" అన్నాడు శెట్టి.

"కండ్లు రంగు చూసి మోసపోతాయి శెట్టీ. చెయ్యి మోసపోదు." తిప్పన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "అది సరే గానీ, వాన మొగం చూడని ఊర్లో ఇంత తుప్పు యాడిదప్పా? సముద్రంలో గాని ముంచినావా?"

"నిగనిగలాడల్లని దినామూ కడిగిస్తి గదప్పా."

"ఏ నీళ్లతో?"

"మా తోట బోరు నీళ్లు."

"గొర్రెలు గూడా మూతి పెట్టని ఉప్పు నీళ్లు అవి. కారుకు తాపినావు. బాగుండాది నీ ముద్దు!"

పుష్పావతి మొదటి నాలుగు రోజులూ కోయడానికే ఖర్చు పెట్టింది. తుప్పు పైకి వేలెడు కనిపిస్తే లోపల జానెడు ఉంటుంది. పైకి కనిపించిన నష్టాన్ని చూసి బేరం కుదుర్చుకున్నవాడు మునిగిపోతాడు. అందుకని మంచి ఇనుము తగిలేదాకా కోసింది. కోసిన మేరకు కొత్త రేకు కత్తిరించి, వేడికి వంకర పోకుండా ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ వెల్డింగ్ పెట్టింది. ఒక్కో చుక్క చల్లారేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ తర్వాతే వెనక ఇనుప దిమ్మ ఆనించి, ముందు నుంచి సుత్తితో చిన్నగా సాపు చేసింది.

ఆరో రోజున సురేంద్ర షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎందుకు పుష్పా ఇంత కష్టం? లప్పం మెత్తి రంగు కొట్టెయ్. చిన్నాయన చెయ్యి మొద్దుబారి ఎన్నాళ్లో ఆయ."

"లప్పం మీ ఇంటి గోడలకు మెత్తుకో పోన్నా. ఆడ ఎవురూ తడిమి చూడరు."

"ఓడిపోయేదానికి ఇంత పొగరా?"

"పొగరు గాదన్నా, పని. నీకు తేడా తెలీదులే."

పన్నెండో రోజు పొద్దున తెల్ల రంగు ఆరిన కారు షెడ్డు ముందు నిలిచింది. శెట్టి వచ్చాడు. సురేంద్ర పిలవకుండానే వచ్చాడు. తిప్పన్న భుజం మీది తువ్వాలు తీసి కండ్లకు బిగించి కట్టుకున్నాడు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి, పసిబిడ్డ వీపు నిమిరినట్టు నిమురుతూ కదిలాడు. అనుమానం వచ్చిన చోటల్లా వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గాడు. లప్పం ఉంటే మొద్దుగా పలుకుతుంది. కారు అంతా ఒకే గొంతుతో ఖంగుమంది.

రెండు ముందు మడ్గార్డులూ, ఎడమ పక్క ముందు తలుపూ అయ్యాయి. కుడి పక్క తలుపులు అయ్యాయి. డిక్కీ అంచు దగ్గర చెయ్యి రెండుసార్లు వెనక్కి పోయి వచ్చింది గానీ ఆగలేదు. సురేంద్ర మొహం వాడిపోతూ వచ్చింది. చివరికి మిగిలింది ఎడమ పక్క వెనక తలుపు.

దాని నడుమ తిప్పన్న చెయ్యి ఆగింది.

"అతుకు" అన్నాడు.

పుష్పావతి గబుక్కున చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడవద్దులే పుష్పా. నా కింద పని ఇస్తా" అన్నాడు సురేంద్ర, మొహం మళ్లీ వెలిగి.

తిప్పన్న ఆ చోటును ఇంకోసారి తడిమాడు. గొంతు గట్టిపడింది. "తొందర చెయ్యి ఇది. రేకు చల్లారనీకుండానే సుత్తి ఆడిచ్చినారు. అంచు కాడ అల లేసి ఉండాది. టింకరుకు ఓపిక ల్యాకపోతే ఇంగేముండాది? ఈ పని చేసినోళ్లకు నా బోర్డు ఇయ్యను. సురేంద్రా, తాళం తీసుకో."

సురేంద్ర చెయ్యి చాపాడు.

"ఉండన్నా" అంది పుష్పావతి. చున్నీ తీసింది. దాని వెనక ఉన్నది ఏడుపు కాదు, నవ్వు. "నాయనా, నా లెక్క పదకొండు. పదకొండూ దాటుకోనే వచ్చినావు. ఈ తలుపుకు తుప్పే పట్టలే. రంగేసినా గానీ సుత్తి ముట్టిచ్చనే లే."

తిప్పన్న తువ్వాలు పైకి లాగి శెట్టి వైపు చూశాడు.

"అవునప్పా. ఆ తలుపు నీ కూతురి లెక్కలో లేదు" అన్నాడు శెట్టి.

"మరి ఇంత మంచి కారును చెడగొట్టిన ఆ చేతకానోడు ఎవుడు?"

"నువ్వే తిప్పన్నా. చానా ఏండ్ల కిందట ఎద్దు కుమ్మి ఈ తలుపుకు చిల్లు పడిందని కారు నీ కాడికే తెస్తి. నీకు ఈ ఆడబిడ్డ పుట్టిందని కబురొస్తే రేకు చల్లారకముందే నాలుగు దెబ్బలేసి ఆస్పత్రికి పరిగెత్తినావు. ఆ పొద్దు పోగొట్టుకున్నది ఒక అతుకు, సంపాయించుకున్నది నీకంటే మంచి టింకరును."