గొంతెమ్మ కోరికలు

"ఈసారి బెంచీ కావాలంటోందమ్మా మా అత్తయ్య," అంది కోడలుగారు, కూరల సంచి కింద పెట్టి స్టూలు మీద కూలబడుతూ.

టైలరమ్మ కుట్టుమిషను ఆపింది. ఆ వీధి సంఘానికి సెక్రటరీ కూడా ఆవిడే. "బెంచీయా! ఎక్కడ పిన్నీ?"

"మెట్లకి సగం దారిలో. మలుపు దగ్గర."

పేరుకి వీధే గానీ అది గుట్ట మీదికి పాకిన మెట్లదారి. అటూ ఇటూ ఇళ్ళు. అన్నిటికంటే పైనున్న మేడ ఈ అత్తాకోడళ్ళది. కోడలికీ అరవై ఎప్పుడో దాటాయి. అయినా అత్తగారు బతికుండగా ఆవిడకి వేరే పేరెక్కడిది? వీధి మొత్తానికి ఆవిడ కోడలుగారే.

వీధిని పెద్దవాళ్ళకి వీలుగా మార్చాలని సంఘం తలపెట్టినప్పుడు, ఏం కావాలో కనుక్కుందామని టైలరమ్మ గడపగడపా ఎక్కింది. "మాకేం కావాలమ్మా, అలా గడిచిపోతోంది" అన్నవాళ్ళే అందరూ. మొహమాటం లేకుండా అడిగింది మేడమీది అత్తగారొక్కరే. అదీ కోడలి నోటితో. మెట్ల వెంట పట్టుకోడానికి ఏదైనా ఉంటే దిగుతానంది. వెల్డింగాయన వచ్చి కింది నుంచి పైదాకా ఇనప గొట్టం బిగించాడు. ఆవిడ దిగలేదు. మలుపులో చీకటి అంది. దీపం పెట్టించారు. దిగలేదు. మెట్ల అంచులు కనబడవంది. పసుపు రంగు వేయించారు. ఊహూఁ.

"ఈసారైనా దిగుతారంటావా పిన్నీ?"

"దిగుతుందమ్మా. కాలుజారి పడి మంచం పట్టాక గోడకేసి తిరిగి పడుకునేది. పలకరిస్తే పలికేది కాదు. ఇప్పుడు కిటికీలోంచి మెట్లు చూసుకుంటూ ఇది కావాలి, అది కావాలి అంటోంది. ఆ ఆశ ఉండనీ తల్లీ. నీకు పుణ్యముంటుంది."

ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో గొట్టం పట్టుకుని, ఆగి ఆగి మెట్లెక్కుతూ వెళ్ళిపోయింది.

సంఘం సమావేశంలో ప్రెసిడెంటు ఇంతెత్తున లేచాడు. వీధి మొదట్లో కమిటీ పేర్లతో కమాను కట్టించాలని ఆయన ఎప్పటినుంచో ముచ్చటపడుతున్నాడు.

"గొంతెమ్మ కోరికలు కాకపోతే ఏమిటివి? మంచం దిగని మనిషికి మెట్ల మీద సోఫాలు వెయ్యాలా? అసలావిడ ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నారు బాబాయిగారూ," అంది టైలరమ్మ. "నిన్న కూరలవాణ్ణి పైనుంచి దులిపేస్తుంటే నా చెవులారా విన్నాను."

అందరూ నవ్వారు. నవ్వనిది కోడలుగారొక్కరే. ఎప్పుడూ తలుపు పక్కన నిలబడి వినేసి పోయే మనిషి, ఆ రోజు ముందుకొచ్చింది.

"నాకోసమైతే నోరు విప్పేదాన్ని కాదు అన్నయ్యగారూ. అత్తారింట కాలుపెట్టింది మొదలు నాకిది కావాలని ఒకర్ని అడిగి ఎరగను. ఆవిడకోసం అడుగుతున్నాను. మీ కమాను ఎన్నాళ్ళైనా ఆగుతుంది. ఆవిడ ఆగొద్దూ?"

ఆ గొంతు అంత గట్టిగా పలుకుతుందని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. బహుశా ఆవిడకీ తెలీదేమో. కమాను కావాలన్నవాళ్ళు చేతులెత్తండి అంటే ప్రెసిడెంటు చెయ్యి ఒక్కటే లేచింది. ఆయన చుట్టూ చూసి, తల గోక్కుని దించేశాడు.

బెంచీ వచ్చింది. వెనక వాలు, పక్కన చేతులు, మీద చిన్న రేకు నీడ. బిగించిన సాయంత్రం వీధంతా మలుపు దగ్గర చేరింది. అవసరమైతే అత్తగారిని కుర్చీతో సహా మోసుకొస్తానని వెల్డింగాయన చేతులు దులుపుకుని నిలబడ్డాడు.

"నువ్వెళ్ళి తీసుకురా తల్లీ," అంది కోడలుగారు. "నేను పిలిస్తే మళ్ళీ ఏదో వంక పెడుతుంది. ఈలోగా ఎత్తు ఆవిడకి సరిపోతుందో లేదో చూస్తాను."

టైలరమ్మ మేడెక్కింది. ఈసారి కూడా రానంటే ముసలావిడకి నాలుగు మాటలు అప్పజెప్పాలని దారిపొడుగునా కూడబలుక్కుంటూనే వెళ్ళింది.

కిటికీ పక్క మంచం మీద, దిండ్లకి చేరగిలబడి ఉంది అత్తగారు.

"మామ్మగారూ, బెంచీ వచ్చేసింది. పదండి. ఇవాళ వంకలు చెల్లవు."

"ఉండమ్మా. నాకు చూపు ఆనడంలేదు. దానిమీద కూచున్నదెవరు?"

"మీ కోడలే."

"అంచుమీద కూచుందా, వెనక్కి ఆనుకుందా?"

టైలరమ్మ వంగి చూసింది. కోడలుగారు వీపు వాల్చి, కాళ్ళు బారచాపి, పక్కింటావిడతో ఏదో అంటూ నవ్వుతోంది.

"ఆనుకున్నారు. కాళ్ళు కూడా చాపుకున్నారు."

"హమ్మయ్య." ముసలావిడ దిండు మీద తల వాల్చేసింది. "ఇక నువ్వెళ్ళమ్మా."

"మరి మీరో?"

"నేనా? ఇక నడిచే యోగం లేదని డాక్టరు నాకెప్పుడో చెప్పేశాడు. దానికి మాత్రం చెప్పకు, బెంగపెట్టుకుంటుంది."

టైలరమ్మకి ఒళ్ళు మండింది. "తెలిసీ మమ్మల్నిలా తిప్పారా? ఆ గొట్టం, ఆ దీపం, ఈ బెంచీ... ఇవన్నీ ఎందుకడిగినట్టు?"

ముసలావిడ కిటికీ వైపు చూస్తూ నవ్వింది.

"మోకాళ్ళు అరిగింది నా కోడలికమ్మా."