కాయచిప్పలో కొవ్వొత్తి

"ఆదివారానికి ఏం రాయమంటావో ఇప్పుడే చెప్పక్కా. ఇవాళ నాకు మాట కావాలి."

యాత్రికులను తిప్పి చూపించే ఎలూతెరియో సుద్దముక్క పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు. గోడకు ఆనించిన నల్లబల్ల మీద ఆదివారం యాత్ర సగమే రాసి ఉంది. పొద్దున ఎనిమిదికి అడవిలోని పాత గుళ్లు, పదకొండుకి బంతాట మైదానం, ఆ తర్వాత భోజనం. ఆ కింద ఖాళీ. మెరిదా నగరం నుంచి పద్నాలుగు మంది వస్తామన్నారు. ఎండలో ఆ రాతి మెట్లన్నీ ఎక్కి దిగాక గుహలోని చల్లటి నీటిగుండం సెనోటేలో ఈత లేదంటే ఇంత దూరం ఎవరొస్తారు?

అక్క కసిమిర పక్కనుంచి తప్పుకుని నడిచింది. ఆమె చేతిలో ఎండిన కాయచిప్ప, అందులో కొత్త కొవ్వొత్తి.

"ఇంకొక్క రోజు ఆగు తమ్ముడూ."

"రోజూ అదే మాట!"

"ఇవాళ కూడా విను. నీ సొమ్మేం పోయింది?"

ఇరవై మూడు రోజుల కిందట ఆమె కొడుకు గాస్పర్ ఆ సెనోటేలోకి దూకి మళ్లీ పైకి రాలేదు. ఇరవై నాలుగేళ్లవాడు. ఆ నీళ్లలోనే ఈత నేర్చుకుని, ఊళ్లో సగంమందికి నేర్పినవాడు. నగరం నుంచి గజ ఈతగాళ్లు వచ్చి మూడు రోజులు గాలించారు. అడుగున సొరంగాలు ఎటు పోతున్నాయో దేవుడికే తెలియాలని చెప్పి సామాను సర్దుకున్నారు. శవం దొరికి, తొమ్మిది రోజుల ప్రార్థనలు పూర్తయ్యేదాకా ఆ నీళ్లలో ఎవరూ ఈతకు దిగకూడదని ఊరి సభ తీర్మానించింది. మెట్ల దగ్గర తాడు కట్టారు.

ఇక మిగిలింది తాతలనాటి పద్ధతే. చిప్పలో కొవ్వొత్తి వెలిగించి నీళ్ల మీద వదలాలి. మునిగిన మనిషి ఎక్కడుంటే సరిగ్గా ఆ చోటికి పైన చిప్ప కదలకుండా నిలబడిపోతుంది. కన్నతల్లి వదిలితే మరీ మంచిదన్నారు పెద్దవాళ్లు. ఇరవై రోజులుగా కసిమిర రోజూ మధ్యాహ్నం వెళ్లి వదులుతోంది. జనం ఉంటే చిప్ప బెదురుతుందని ఎవర్నీ వెంట రానివ్వడం లేదు. సాయంత్రం తిరిగొచ్చి, దొరకలేదన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

"ఆమెనేం అనకన్నా," అంది పక్క బండి మీద పానుచో రొట్టెలు వేయించి అమ్మే విల్మ.

"నేనేమన్నాను? నీ పెనం చల్లారి ఎన్నాళ్లయింది? నీకు మాత్రం తెలీదా?"

"తెలీకేం. మా ఆయన దాన్ని తోమి తోమి అద్దంలా చేశాడు, అందులో చూసుకునే గడ్డం గీసుకుంటున్నాడు. అయినా సరే, ఆ తల్లినేం అనకు."

ఎలూతెరియో సుద్దముక్క విసిరికొట్టాడు. యాత్ర సంగతి అటుంచితే, అతని మనసులో ఇంకో బాధ ఉంది. తన భుజాల మీద పెరిగిన మేనల్లుడు ఇన్ని రోజులుగా ఆ చీకటి నీళ్లలో పడి ఉన్నాడు. గుప్పెడు మట్టికి నోచుకోలేదు, ఒక్క ప్రార్థనకు నోచుకోలేదు.

అక్క కాస్త దూరం వెళ్లాక, ఆమె వెనకాలే నడిచాడు.

తాడు కింద నుంచి దూరి మెట్లు దిగి, మలుపులో ఒక బండ చాటున నిలబడ్డాడు. గుహ కప్పులోని కంతలోంచి ఎండ నిటారుగా నీళ్ల మీద పడుతోంది. కసిమిర కొవ్వొత్తి వెలిగించి, ఏదో గొణుక్కుని, చిప్పను వదిలింది. అది మెల్లగా నడిమధ్యకి వెళ్లింది. అక్కడ రెండు చుట్లు తిరిగింది. తర్వాత ఎవరో పిలిచినట్టు ఎడమ పక్కకి, చెట్ల వేళ్లు పైనుంచి వేలాడే చోటికి పోయింది.

అక్కడ ఆగింది.

ఎలూతెరియో ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాడు. వంద అయింది, రెండు వందలయింది. చిప్ప కదల్లేదు. అతనికి ఏడుపు ఆగలేదు. శిలువ గుర్తు వేసుకుని, మెట్ల మీద పడుతూ లేస్తూ కిందికి పరుగెత్తాడు.

"అక్కా! ఆగిందక్కా! మనవాడు దొరికాడు!"

కసిమిర ఉలిక్కిపడి వెనక్కి చూసింది. ఆమె ముఖంలో రంగు లేదు.

"నువ్వెందుకొచ్చావురా?"

"ఏడవకక్కా. నువ్విక్కడే ఉండు, నేను ఊళ్లోవాళ్లని పిలుచుకొస్తా. ఆ వేళ్ల కిందే వెతికిద్దాం. వాడిని ఇంటికి తెచ్చుకుందాం, ఈ సాయంత్రమే ప్రార్థనలు మొదలుపెట్టిద్దాం. తొమ్మిదో రోజు ఇల్లంతా కలిసి సాగనంపితే, పాపం, వాడి ఆత్మ హాయిగా తన దారి చూసుకుంటుంది."

కసిమిర రాతి అంచు పట్టుకుని నడుములోతు నీళ్లలోకి దిగింది. వేళ్ల దగ్గరకి వెళ్లి, కొవ్వొత్తి ఆరిపోకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో చిప్పను మెల్లగా అవతలి ఒడ్డుకి నెట్టేసింది.

"ఈ ఇరవై రోజులూ ఇక్కడే ఆగుతోంది తమ్ముడూ," అంది. "దొరికాడంటే మీరంతా వాణ్ణి పంపించేస్తారు. దొరకనంతకాలం వాడింకా ఇంటికి రావాల్సిన పిల్లాడే!"