కమాన్లు మార్చిన రోజు

జాకీ మీద వ్యాన్ వెనక భాగం మెల్లగా లేచింది. ఛాసిస్ కింద చెక్క దిమ్మలు సర్ది, ఎలక్ట్రీషియన్ వెల్లకిలా పాక్కుంటూ లోపలికి వెళ్ళాడు.

"నువ్వెందుకురా కిందికి? నీకిది అలవాటు లేని పని," అన్నాడు వెల్డర్.

"పర్లేదు, నేనే చేస్తాను."

బండి కింద ఉంటే ఎవరి ముఖమూ చూడక్కర్లేదు.

ఆ వ్యాన్, దాన్ని నడిపే డ్రైవర్‌తో కలిపి వాళ్ళ ముగ్గురి పెళ్ళిళ్ళకంటే పాతది. గుండ్రటి హెడ్‌లైట్లు, కప్పలాంటి మూతి. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. డ్రైవర్ దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటూ, వీధిలో పిల్లల్ని బడికి తీసుకెళ్ళి తెస్తుండేవాడు. ఈమధ్యే ఎవరో రవాణా ఆఫీసుకి ఫోన్ చేసి, బండి మలుపుల్లో ఒరిగిపోతోందని, పిల్లల ప్రాణాలకే ముప్పని చెప్పారు. ఆఫీసువాళ్ళు వచ్చి చూశారు. వెనక బరువు మోసే ఇనప పట్టీల కమాన్లూ, కుదుపులు ఆపే షాకప్‌లూ మార్చేదాకా పిల్లలెవర్నీ ఎక్కించొద్దన్నారు.

కంపెనీ సామాను ఇక దొరకదు. పాత బండ్లకి సరిపోయేలా బయట తయారుచేసే కొత్త కమాన్లూ షాకప్‌లూ వెల్డరే వెతికి తెప్పించాడు. సెలవు రోజు చూసుకుని, చిన్ననాటి స్నేహితులు ముగ్గురూ డ్రైవర్ ఇంటి ముందే పని మొదలెట్టారు.

తుప్పు పట్టిన బోల్టుల మీద కిరసనాయిలు పోసి నానబెట్టారు. అవి నానేలోపు వెల్డర్ నోరు ఊరుకోలేదు.

"ఆ ఫోన్ చేసినవాడెవడో నా చేతికి చిక్కాలి. అన్నం తింటున్నాడా, గడ్డి తింటున్నాడా? ఒకడి పొట్ట కొట్టి ఏం బావుకుంటాడు?"

బండి కింద స్పానర్ జారి ఠంగుమంది.

"ఏమైందిరా?" డ్రైవర్ వంగి చూశాడు. ఎలక్ట్రీషియన్ వేలి కణుపు చీరుకుపోయి రక్తం కారుతోంది. డ్రైవర్ అతన్ని బయటికి లాగి, లోపల్నుంచి గుడ్డ పీలిక తెచ్చి తనే కట్టాడు. ఎలక్ట్రీషియన్ ఆ చేతుల వైపే చూస్తూ ఉండిపోయాడు. తల ఎత్తలేదు.

"నా మీద వాడికేం కోపమో మరి," అన్నాడు డ్రైవర్ ముడి వేస్తూ. "నా ముఖం మీదే చెప్పి ఉండొచ్చుగా."

"చెబితే వినేవాడివా?" ఎలక్ట్రీషియన్ గొంతు పీలగా వచ్చింది.

డ్రైవర్ మిగిలిన పీలిక చింపేశాడు. "వినేవాణ్ణి కాదేమో. నా బండిని ఎవరైనా ఏమన్నా అంటే నాకు ఒళ్ళు మంట."

డ్రైవర్ భార్య టీ పట్టుకొచ్చింది. "పనులు మానుకుని మా కోసం వచ్చారు, అన్నయ్యా," అంది ఎలక్ట్రీషియన్‌తో. అతను గ్లాసు అందుకున్నాడు. ఆమె వెనక్కి తిరగగానే తాగకుండానే గోడ మీద పెట్టి మళ్ళీ బండి కిందికి దూరాడు.

షాకప్‌లు తేలిగ్గానే ఊడాయి. కమాన్ల బోల్టులు మాత్రం ముగ్గురి చేతులూ పడితే గానీ కదల్లేదు. చివరికి కుడివైపు కమాను కట్ట దభీమని నేల మీద పడింది.

పడీ పడగానే రెండు ముక్కలైంది.

అన్నిటికంటే పైనుండే పెద్ద పట్టీ, బిగింపు పలక దగ్గర ఎప్పుడో విరిగిపోయి ఉంది. తుప్పుకీ మట్టికీ అది పైకి కనబడలేదు. ఇంతకాలం దాన్ని పట్టి ఉంచింది కింది పట్టీలే.

డ్రైవర్ ఇంటి మెట్టు మీద కూలబడ్డాడు.

"బడి దగ్గర మలుపులో గనక ఇది ఊడితే..." అన్నాడు.

వెల్డర్ విరిగిన ముక్కని చేత్తో తడిమాడు. "వాణ్ణి ఎన్ని తిట్లు తిట్టాన్రా పొద్దుట్నుంచి. దేవుడిలాంటి మనిషిని."

డ్రైవర్ మెల్లగా తల తిప్పి ఎలక్ట్రీషియన్ వంక చూశాడు.

"నువ్వే కదూ?"

"ఏంటి?"

"ఆమధ్య నా పక్క సీట్లో కూచుని వచ్చావు. కింద ఏదో కటకటమంటే చెవి ఒగ్గి విన్నావు. ఏంట్రా అంటే ఏం లేదన్నావు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆఫీసువాళ్ళు వచ్చారు. పొద్దుట్నుంచీ నా కళ్ళలోకి చూడట్లేదు నువ్వు."

"కాదురా. నేను..."

"ఊరుకో. ఒప్పుకోవని తెలుసు."

డ్రైవర్ లేచి వచ్చి మసి చేతులతోనే అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. గుమ్మంలో నిలబడి అంతా విన్న అతని భార్య కొంగుతో కళ్ళొత్తుకుని చేతులు జోడించింది. ఎలక్ట్రీషియన్ విడిపించుకుని కొత్త షాకప్‌ల పెట్టె విప్పసాగాడు.

పొద్దు వాలేసరికి కొత్త కమాన్లు బిగించడం పూర్తయింది. ముగ్గురూ ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళారు. గతుకుల మీద వ్యాన్ ఊయలలా ఊగిందే తప్ప కింద చిన్న చప్పుడైనా లేదు.

"రేపు పిల్లల తల్లులందరికీ చెబుతాను, వాళ్ళ బిడ్డల్ని కాపాడింది ఎవరో," అన్నాడు డ్రైవర్.

"వద్దురా. నీకు పుణ్యముంటుంది, ఎవరికీ చెప్పకు," అన్నాడు ఎలక్ట్రీషియన్. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశావా, అదీ వీడి గొప్పతనం," అన్నాడు వెల్డర్ అతని భుజం తడుతూ.

ఆ ఫోన్ చేసింది ఎవరో ఎలక్ట్రీషియన్‌కి తెలియదు. కింద ఆ చప్పుడు విన్న మర్నాడు అతను చేసిందల్లా, తనకి బడి వైపే పని దొరికిందని డ్రైవర్‌తో అబద్ధమాడి, తన కూతుర్ని మాత్రం వ్యాన్ మాన్పించి స్కూటర్ మీద బడిలో దింపి రావడం.