ఒక్క ఫ్యాను

పక్క కొట్లో బావమరిది పెట్టిన కొత్త కంప్యూటర్ తన కొట్టుకొచ్చే వీడియో ఎడిటింగ్ బేరాలన్నీ లాగేసుకుంటుంటే బావకి కడుపు మండింది. దాని గుట్టేమిటో చూద్దామని వెళ్లాడు.

మూత తీసిన మిషన్ మీదికి టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. బావమరిది చొక్కా తడిసి ముద్దయింది.

"అల్లుడి మర్యాదలు దానికీ, చెమటలు నీకూనా?"

"నవ్వకు బావా. చిప్పులో ట్రాన్సిస్టర్లని మరీ చిన్నవి చేసి కోట్లకొద్దీ కుక్కారు. అందుకే అంత వేగం. కానీ ఆ ఇరుకులో వేడి పోదు. గాలి ఆగిందంటే, కాలిపోకుండా ఉండటానికి అదే నత్తనడక నడుస్తుంది. సాయంత్రానికి ఈ వీడియో ఇవ్వకపోతే పార్టీ మళ్లీ నీ దగ్గరికే! కాస్త చూస్తుండు, మొహం కడుక్కొస్తా."

ఫ్యాను ప్లగ్గు బావ చేతికందేంత దూరంలోనే ఉంది. చెయ్యి చాచాడు. ఖాళీ కుర్చీ వీపంతా చెమట మరక. వేగానికి వీడు కడుతున్న ధర ఇదన్నమాట.

బావమరిది తిరిగొచ్చేసరికి కుర్చీ వెనక రెండో ఫ్యాను తిరుగుతోంది.

"ఇది నీ కొట్లోది కదా! నీకు ఉక్కపోయదా బావా?"

"ఇందాకటిదాకా మండిందిరా. ఇప్పుడు ఫర్వాలేదు."