ఎదుటి క్లబ్బు మనిషి

గాలికి రస్ ఒళ్ళోంచి కాగితం ఎగిరిపోయింది.

కాన్సస్‌లో మే నెల గాలి అంతే. చేతిలో ఉన్నదేదీ ఉండనివ్వదు.

గ్యాలరీలో రెండు వరుసల కింద కూర్చున్న పెద్దాయన చటుక్కున బూటుకాలితో దాన్ని తొక్కిపట్టాడు. వంగి తీసి, రాత కనబడకుండా తిరగేసి పట్టుకుని, మెట్లెక్కి వచ్చి ఇచ్చాడు.

"నేను చదవలేదు," అన్నాడు.

"థాంక్సండీ," అన్నాడు రస్. చదివే ఉంటాడనుకున్నాడు.

ఆ కాగితంలో ఉన్నది ఈ కాలేజీ బేస్‌బాల్ జట్టు క్యాచర్ గ్యారెట్ గురించి. బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతి అందుకునే కుర్రాడు. జులైలో డ్రాఫ్ట్. పెద్ద క్లబ్బులు వంతులవారీగా కుర్రాళ్ళను ఎంచుకునే రోజు. తన క్లబ్బు ఎవరిని తీసుకోవాలో ఎవరిని వదిలెయ్యాలో ఊళ్ళు తిరిగి చూసి చెప్పే స్కౌట్ ఉద్యోగం రస్‌ది. ఏడాదికి రెండు వందల రోజులు మోటెల్ గదుల్లోనే. ఈ ప్రాంతానికి అతన్ని వేసింది ఈ సీజన్లోనే.

పెద్దాయన వెనక్కి వెళ్ళలేదు. పక్క సీట్లో కూలబడ్డాడు. ఒంటి మీద మరో క్లబ్బు గుర్తున్న నీలం జాకెట్.

"డెల్బర్ట్ ఉన్రూ," అంటూ చెయ్యి చాపాడు.

మిగతా స్కౌట్లంతా అవతల గుంపుగా కూర్చున్నారు. ఇందాక వాళ్ళలో ఒకణ్ణి ఈయనెవరని అడిగితే, "డెల్బర్టా? పట్టించుకోకు," అని తల తిప్పుకున్నాడు.

జాగ్రత్తగా ఉండమంటున్నాడని రస్ అర్థం చేసుకున్నాడు.

మొదటి బేస్ మీదున్న ఎదుటి జట్టువాడు రెండో బేస్‌కి దౌడు తీశాడు. వాణ్ణి అవుట్ చెయ్యడానికి గ్యారెట్ లేచి బంతి విసిరాడు. అది ఆలస్యంగా చేరింది. రస్ స్టాప్‌వాచ్ నొక్కాడు.

"చేతిలో బలం లేదు," అన్నాడు.

"లేదు," ఒప్పుకున్నాడు డెల్బర్ట్. "ఆ గడియారం జేబులో పెట్టు నాయనా. కాసేపు వాణ్ణి చూడు."

బంతి విసిరే కుర్రాడు మొదటి ఏడాదివాడు. వరసగా మూడు బంతులు ఎటో పోయాయి. గ్యారెట్ ముఖానికున్న తొడుగు తీసి, తీరిగ్గా నడుచుకుంటూ వాడి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఎటు నిలబడ్డాడో చూశావా?" అన్నాడు డెల్బర్ట్. "కోచ్‌కి ఆ పిల్లాడి మొహం కనబడకుండా అడ్డం. వాడు ఏడుస్తున్నాడన్నమాట."

గ్యారెట్ ఏదో అన్నాడు. ఆ కుర్రాడు భుజానికి ముఖం తుడుచుకుని నవ్వాడు. ఆ తర్వాత వచ్చిన ముగ్గురూ వచ్చినట్టే అవుటై వెళ్ళారు.

"వాణ్ణి వదులుకోకండి. రెండో రౌండులోనే తీసుకోమని చెప్పు మీవాళ్ళకి."

రస్‌కి నవ్వొచ్చింది. "అంత బంగారమైతే మీరే పట్టుకుపోవచ్చుగా? నాకెందుకు చెప్తున్నారు?"

డెల్బర్ట్ పొద్దుతిరుగుడు గింజ ఒకటి నోట్లో వేసుకుని, పొట్టు ఊశాడు.

"ఎవరికో ఒకరికి చెప్పాలి కదా," అన్నాడు.

ముసలాయన ఘటికుడే అనుకున్నాడు రస్. మా వంతు వీడి మీద తగలేయించి, తనక్కావలసినవాణ్ణి నిమ్మళంగా ఎత్తుకుపోదామని ఎత్తు.

ఆట ముగిసి జనం లేస్తున్నారు.

"వీధి చివర హోటల్లో వేయించిన కోడి బాగా చేస్తారు. వస్తావా? ఒక్కణ్ణే తినీ తినీ రుచి తెలియడం మానేసింది."

"నా కోసం వేరేవాళ్ళు చూస్తుంటారండీ."

ఎవరూ చూడటం లేదు. కారులో వెళ్తుంటే ఆ హోటల్ అద్దంలోంచి డెల్బర్ట్ కనిపించాడు. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. రస్ బండి కాస్త నెమ్మది చేశాడు గానీ ఆపలేదు. మోటెల్ ముందు కారులోనే కూర్చుని చల్లారిన శాండ్‌విచ్ తిన్నాడు. తర్వాత గదిలోకి వెళ్ళి రిపోర్టు రాశాడు.

"చెయ్యి బలహీనం. వద్దు."

డ్రాఫ్ట్ రోజు డెల్బర్ట్ క్లబ్బు తన వంతు వచ్చిన ప్రతిసారీ గ్యారెట్‌ని దాటేసింది. నేననుకున్నదే నిజం అనుకున్నాడు రస్. ఏడో రౌండులో గ్యారెట్‌ని మరెవరో తీసుకున్నారు.

నాలుగేళ్ళు గడిచాయి. బంతి విసిరేవాళ్ళంతా బ్యాట్ వెనక గ్యారెట్ ఉంటేనే ఆడతామనే రోజులొచ్చాయి. రస్‌కి పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

"ఆ కుర్రాణ్ణి చూడ్డానికి వెళ్ళింది నువ్వే కదయ్యా. నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు," అన్నాడు రస్.

ఆ వసంతమంతా ఏ మైదానానికి వెళ్ళినా అతని కళ్ళు నీలం జాకెట్ కోసమే వెతికాయి. కనిపిస్తే క్షమించమనాలి. ఆ పూట భోజనానికి తనే తీసుకెళ్ళాలి. ఎక్కడా కనిపించలేదు. చివరికి ఆయన క్లబ్బుకే ఫోన్ చేశాడు. ఎవరో పెద్దావిడ ఎత్తింది.

"డెల్బర్టా? పోయిన చలికాలంలో చనిపోయారండీ. వాళ్ళమ్మాయి ఉత్తరం రాసింది."



"మేడమ్, నాలుగేళ్ళ కిందట ఆయన నాకు గ్యారెట్ గురించి చెప్పారు. తీసుకోమని మరీ మరీ చెప్పారు. నేను ఎదుటి క్లబ్బువాణ్ణి. మీకు చెప్పుకోవలసిన మాట నాకెందుకు చెప్పారా అని..."

"మాకా?" అంది ఆవిడ. "ఆయన్ని మావాళ్ళు ఉద్యోగంలోంచి తీసేసి పదేళ్ళు దాటిందండీ."