బారసాలకు ముందు

తలుపులన్నీ పేరు తెలిస్తేనే తెరుచుకునే కాలం. ఆ తలుపుల ప్రోగ్రామును పరీక్షించే శశిరేఖ, పోయిన వారం పొడుగాటి టెస్టులన్నీ కుదించి ఒక్కటే ఉంచింది: పేరు ఖాళీగా ఉంటే రానివ్వకూడదు. పేరు పెట్టని పసికందులకు మినహాయింపు ఉందో లేదో చూసే టెస్టు అందులో పోయింది. తర్వాత ఎవరో ప్రోగ్రాములోంచి ఆ మినహాయింపునే చెరిపేస్తే పట్టుకునే దిక్కు లేకపోయింది.

ఇవాళ ఆసుపత్రి ముందు చెల్లెలు సుమిత్ర చేతుల్లో తన పాప జ్వరంతో మూలుగుతోంది.

"పాప పేరు?" అంది తలుపు.

"ఇంకా పెట్టలేదు" అని శశిరేఖ ఎంత బతిమాలినా అది కదల్లేదు.

"ఏదో ఒకటి చెప్పక్కా!" అంది సుమిత్ర.

"బారసాల కాకుండా పేరేంటే? అరిష్టం" అని వాళ్ల తల్లి అడ్డుపడింది.

చివరికి సుమిత్రే "మందార" అని అరిచింది.

"స్వాగతం, మందారా!" అంటూ తలుపు తెరుచుకుంది.

పాప అప్పటికే ఊపిరి ఆగి చల్లబడిపోయింది. ఆ పేరుతో దాన్ని పిలిచింది ఆ తలుపొక్కటే.