నాన్న తీసిన రీలు

“కడగని రీలు పట్టపగలు కిటికీ దగ్గర విప్పి చూశారా?” ల్యాబు యజమాని కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని అడిగాడు. “ఇంకేముందండీ! కడిగితే మొత్తం తెల్లగా వచ్చింది. ఒక్క బొమ్మ కూడా లేదు.”

పాపాయి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆమెకు యాభై దాటినా ఇంట్లో అందరికీ ఇంకా పాపాయే. చేసిన పని కూడా అలాగే ఉంది మరి.

నాన్న వాచీలు బాగుచేసేవాడు. రిపేరుకిచ్చి మళ్లీ మొహం చూపించని ఎవరిదో ఒక మూవీ కెమెరా ఆయన దగ్గరే ఉండిపోయింది. సెలవు రోజు వస్తే చాలు, దానికి కీ ఇచ్చి ఇంటిల్లిపాదినీ పరుగులు పెట్టించేవాడు. “అలా నడు, ఇలా చూడు, నవ్వవే మొద్దూ!” కెమెరా గిర్రుమనేది. అమ్మ తడిచేతులు తుడుచుకుంటూ సిగ్గుపడేది. తమ్ముడు పిల్లిమొగ్గలు వేసేవాడు. పొద్దున దెబ్బలాడుకున్నవాళ్లు కూడా ఆ గిర్రు వినగానే పళ్లికిలించేవాళ్లు.

“ఎప్పుడు చూపిస్తావు నాన్నా?” అంటే, “రీలు పూర్తి కానీ, కడిగిద్దాం” అనేవాడు. రీలు పూర్తవకుండానే నాన్న పోయాడు.

రీలున్న రేకు డబ్బాను అమ్మ బీరువాలో దాచింది. “దాన్ని ముట్టుకోకండి. ఎలా ఉన్నదాన్ని అలా ఉండనివ్వండి” అని ఏళ్ల తరబడి ఒకటే మాట. పాపాయి వింటేనా? ఇల్లు సర్దుతూ డబ్బా బయటికి తీసింది. కిటికీ దగ్గర నిలబడి, ఎవరైనా కనిపిస్తారేమోనని మూరలకొద్దీ లాగి చూసింది. కనిపించకపోతే, కడిగిస్తే కనిపిస్తారులే అనుకుంది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అమ్మకు ముందే చెప్పేసింది.

“నాన్న రీలు కడగడానికిచ్చానమ్మా. ఈ ఆదివారం నీకు సినిమా!”

అమ్మ మొహం పాలిపోయింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషం పట్టలేక కాబోలు అనుకుంది పాపాయి. ఇప్పుడు ల్యాబులో నిలబడి ఆ మొహం తలుచుకుంది.

“మీ దగ్గర… ఎవరూ తీసుకెళ్లని పాత రీళ్లేమైనా ఉన్నాయా?”

తన నోటి వెంట ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలియదు. ల్యాబు ఆయన ఆమెను ఎగాదిగా చూసి, ఏమీ అడగకుండా అటక మీది అట్టపెట్టె దించాడు.

అందులోని ఒక రీలు వేసి చూపించాడు. ఎవరో ఒకావిడ దండెం మీద బట్టలారేస్తోంది. కెమెరాను చూసి “పో, పో” అన్నట్టు చెయ్యి విసిరింది. గౌను పిల్ల ఒకతి ఊడిపోయిన జడతో మెట్లు దిగింది. ఒకాయన సైకిలుకు గాలి కొడుతూ తలెత్తి నవ్వాడు. అంతకు మించి ఏమీ జరగలేదు. అయినా పాపాయికి కళ్లు చెమ్మగిల్లాయి. తమ ఇంటి ఆదివారాలూ అచ్చం ఇలాంటివే. వాటినే తను ఎండపాలు చేసింది.

ఆదివారం రానే వచ్చింది. గోడకు తెల్ల దుప్పటి కట్టి, కిటికీలు మూశారు. అమ్మకు చూపు మసక. పాపాయి ధైర్యమంతా అదే. సంగతంతా తెలిసిన పాపాయి భర్త ఆమె మొహం చూడకుండా ప్రొజెక్టర్ వేశాడు.

“అదిగో అమ్మా, బట్టలారేస్తున్నది నువ్వే.”

“నేనే! ఎంత సన్నగా ఉన్నానే!”

“ఆ గౌను పిల్ల నేను.”

“నువ్వు కాక ఇంకెవరు? ఏనాడైనా జడ నిలిచిందా నీకు?” అమ్మ కుర్చీలో ముందుకు వంగింది. “సైకిలు దగ్గర మీ నాన్న. చూడు చూడు, ఆ మీసం!”

నాన్నకు మీసం ఎప్పుడూ లేదు.

పాపాయి అమ్మ వైపు తిరిగింది. చూపుతో పాటు జ్ఞాపకం కూడా ఇంత మసకబారిందా? ఆ మసకను అడ్డం పెట్టుకునే కదా తను కన్నతల్లిని మోసం చేస్తోంది!

బొమ్మ అయిపోయింది. రీలు కొస టపటపా కొట్టుకుంది. అమ్మ కళ్లు తుడుచుకుంది.

“బాగుందే. నాకోసం ఎంత తిరిగి తెచ్చావో!”

తిట్టినా బాగుండేది. ఆ మెచ్చుకోలుకు పాపాయి నిలువునా కుంగిపోయింది. భర్త వద్దని సైగ చేస్తూనే ఉన్నాడు. ఆమె ఆగలేకపోయింది. అమ్మ కాళ్ల దగ్గర కూలబడి భోరుమంది.

“అమ్మా, ఇది మన రీలు కాదు. వీళ్లెవరో కూడా నాకు తెలీదు. మన రీలు నేనే పాడుచేశాను. నిన్నూ, తమ్ముణ్ణీ, నాన్న తీసినవన్నీ నా చేతులతో నేనే చెరిపేశాను.”

అమ్మ ఆమె తల నిమిరింది.

“చెరిపెయ్యడానికి అందులో ఏముందే పిచ్చిదానా, ఉన్న ఒక్క రీలూ అయిపోతే మీరు మళ్లీ అలా నవ్వరేమోనని మీ నాన్న దాన్ని ఒక్కనాడూ కెమెరాలో వేస్తేగా!”